పాల లెక్క

ఈ గదిలోకి అగ్గిపుల్ల రానివ్వం.
అయినా పదకొండు వేల పుస్తకాలు
పొగ లేకుండా కాలుతున్నాయి.
నివురు గప్పిన నిప్పు అంటారే,
ఇక్కడ నివురు కూడా కనబడదు.

కొయ్య గుజ్జుతో చౌకగా చేసిన కాగితం.
పుట్టినప్పుడే పులుపు తాగింది.
ఎనభై ఏళ్ళకు
మూల మడిస్తే మూల చేతికొస్తుంది.
సాయంత్రం బల్ల మీద గోధుమరంగు రవ్వ.
చేరిన మొదటి ఏడాది
దాన్ని పారేయలేక సీసాలో పోసి దాచాను.
ఇప్పుడు గుడ్డతో తుడిచేస్తాను.

తార్తులో జనవరి. నాలుగింటికే చీకటి.
గోధుమ గంజి కాస్తున్నాను,
నలభై నిమిషాలు, గరిటె ఆపకుండా.
కొత్తగా చేరిన తర్వో అడిగాడు:
"వంటా? వైద్యమా?"
చావుకు వాయిదా, అన్నాను.
అన్నాక ఆ మాట నాకే నచ్చలేదు.
గంజి, అన్నాను మళ్ళీ.

ఇవాళ బల్ల మీదికొచ్చింది
పశుపోషణ పుస్తకం. అట్ట ఊడిపోయింది.
పదమూడేళ్ళలో ఒక్కరూ అడగలేదు.
జాబితాలో దాని పక్కన నేనే రాశాను: కడగాలి.
కడగడమంటే కుట్టు విప్పి
ఒక్కో ఆకునీ సున్నపు తేట కలిపిన నీళ్ళలో
పడుకోబెట్టడం.
నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి.
ఆకు మళ్ళీ వంగడం నేర్చుకుంటుంది.
ఇంకో రెండు వందల ఏళ్ళు ఖాయమని
మాకు పాఠం చెప్పినాయన అనేవాడు.
వెళ్ళి చూసొచ్చినవాళ్ళు లేరు.

అంచుల్లో పెన్సిల్ రాతలు.
పూనిక్ ఏడు. ముస్తిక్ తొమ్మిదిన్నర.
పూనిక్ ఆరు, దగ్గుతోంది.
ముస్తిక్ పది!
రోజూ లీటర్ల లెక్క.
పొదుగు వాపు గురించి అచ్చులో ఉన్నదాని పక్కన
"ఇది తప్పు. కాబేజీ ఆకు కట్టాను. తగ్గింది."
రాసింది ఆడమనిషి అనుకున్నాను,
ఆధారమేమీ లేకుండానే.

1949 మార్చి ఇరవై నాలుగు.
ముస్తిక్ తొమ్మిది. పూనిక్ ఇవాళో రేపో ఈనేలా ఉంది.

ఆ తర్వాత అంచు ఖాళీ,
చివరి పేజీ దాకా.

ఆ మర్నాటి తేదీ మా దేశంలో
బడి పిల్లలకూ తెలుసు.
తెల్లవారకముందే తలుపు మీద దెబ్బలు,
లారీ, పశువులను తోలే రైలుపెట్టెలు, తూర్పు దిక్కు.
అందుకే తర్వో దాని గురించి అడగలేదు.
"మరి ఆ పొద్దున పాలు ఎవరు పితికారు?"
అన్నాడు.

తడి దూదిపుల్ల తీసుకుని
చివరి తొమ్మిది తోకకు తాకించాను.
ఊదారంగు పాకింది.
కాపీయింగ్ పెన్సిల్. చూడ్డానికి బూడిద రంగే,
చుక్క నీరు తగిలితే వంగపండు రంగులో కరిగి పోతుంది.
కడిగితే పుస్తకం బతుకుతుంది, ఆవులు పోతాయి.
కడగకపోతే ఆవులుంటాయి,
వాటి కాళ్ళ కింద నేల పొడి అయ్యేదాకా.

నీళ్ళు లేకుండా పులుపు తీసే యంత్రముంది, పరాయి దేశంలో.
టన్నుల లెక్కన పంపాలట.
మా దగ్గర టన్నుకు డబ్బుల్లేవు.
రెండు ఆవులకు అసలే లేవు.

గంజి చల్లారి మీగడ కట్టింది.
విరిగిన మూలలకు మాత్రం
ఉల్లిపొర లాంటి జపాన్ కాగితం అంటించాను,
పొడిపొడి గంజితో,
అంకెలకు వేలెడు దూరంలో ఆగి.
పులుపు లేని అట్ట కొలిచి పెట్టె చేశాను.
ఉత్తరం గోడకు చలి అర ఒకటుంది,
చలికి ఈ మంట నెమ్మదిస్తుంది.
జాబితాలో "కడగాలి" కొట్టేసి
"కడగరాదు" అని రాశాను.
కారణం రాయడానికి గడి చాలా చిన్నది.
రెండు ఆవులు, అని రాశాను.

దీపం ఆర్పబోతూ ఇంకోసారి తెరిచాను.
నేను తడిపిన తొమ్మిది ఒక్కటే
పేజీ మొత్తంలో ఊదాగా,
ఇప్పుడే రాసి చెయ్యి తీసినట్టుంది.
పాడుచేసింది నేనే.
రేపు అది కూడా నమోదు చెయ్యాలి.